ప్యాటర్న్ పేరు చివర్లో చెప్పండి

ఒకే ఫైలు మూడు వేల లైన్లకు పెరిగిపోతే ఏం చేయాలో కిందటి సంచికలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. మాడ్యులర్ డిజైన్ (ఒకటి మారిస్తే మిగతావి కదలకుండా ప్రోగ్రామును ముక్కలుగా కట్టడం) ఒంటరిగా నేర్చుకోవడం కష్టంగా ఉంది, పోనీ నలుగురం కలిసి ఆన్‌లైన్‌లో నేర్చుకుందామంటే గ్రూపు నిలబడట్లేదు, ఏం చేయాలి అని. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి వీటికే చోటిస్తున్నాను. నా సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: ఇతరులు రాసి వదిలేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను బాగుచేయడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇలాంటి అభ్యాస బృందం ఒకదానికి మోడరేటర్‌గానూ ఉన్నాను. అందుకే నా సలహాల్లో అందమైన డయాగ్రాముల కన్నా, రేపు ఇది మార్చాలంటే ఎన్ని చోట్ల చేయి పెట్టాలి అనే గోలే ఎక్కువ వినిపిస్తుంది.

ప్రశ్న: మేడం, నేను బ్యాకెండ్ డెవలపర్‌ని. డిజైన్ ప్యాటర్నులు కలిసి నేర్చుకుందామని స్నేహితులతో ఆన్‌లైన్ గ్రూపు పెట్టాను. వారానికో ప్యాటర్న్ అని ప్లాన్ వేసుకున్నాం. మొదట్లో సందడే సందడి. సింగిల్టన్, ఫ్యాక్టరీ అయిపోయి అబ్జర్వర్ దగ్గరికి వచ్చేసరికి మాట్లాడేవాళ్లు నలుగురే మిగిలారు. మిగతావాళ్లు ఒక ఎమోజీ పెట్టి వెళ్లిపోతున్నారు. ఎక్కడ తేడా కొట్టింది?

‘వారానికో ప్యాటర్న్’ అన్నారు చూడండి, తేడా అక్కడే ఉంది. ప్యాటర్న్ అంటే ఎవరికో పదేపదే ఎదురైన ఇబ్బందికి కుదిరిన జవాబు. మీ గ్రూపులో ఆ ఇబ్బంది ఇంకా ఎవరికీ రాలేదు. రాని జబ్బుకి మందు పంచితే జనం మర్యాదకి తీసుకుని జేబులో వేసుకుంటారు. మీకొచ్చే ఎమోజీలు ఆ మర్యాదే.

1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసైడ్స్ కలిసి 23 ప్యాటర్నులతో తెచ్చిన ప్రసిద్ధ పుస్తకం కూడా ఒక క్యాటలాగే. అందులో ప్రతి ప్యాటర్న్ కిందా దాని ఉద్దేశం, ఎలాంటి చోట వాడొచ్చు, వాడితే ఏం లాభం, ఏం నష్టం అన్నవి విడివిడిగా ఉంటాయి. గ్రూపుల్లో ఏం జరుగుతుందంటే, అందరూ నేరుగా క్లాస్ డయాగ్రామ్ దగ్గరికి పోతారు. దాన్ని తమకొచ్చిన భాషలో టైపు చేసి, వచ్చేసింది అనుకుంటారు. ఫ్యాక్టరీ ప్యాటర్న్ పేరుతో జంతువుల్ని తయారుచేసే కోడ్ ఒకటి పుడుతుంది. కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది. ఆ కుక్కని ఏ ఆఫీసు కోడ్‌లోనూ ఎవరూ మళ్లీ చూడరు! లాభనష్టాల భాగం దాకా ఓపిగ్గా వెళ్లేవాళ్లు తక్కువ. అసలు సరుకంతా ఉండేది అక్కడ.

కాబట్టి వరస తిరగేయండి. ముందు కోడ్ ఇవ్వండి, తర్వాత దాన్ని మార్చమనండి. ఎక్కడ నొప్పి పుడుతుందో వాళ్లకే తెలుస్తుంది. పేరు చివర్లో చెప్పండి.

ఇది నా సొంత తెలివేమీ కాదు. ప్రోగ్రామును మాడ్యూళ్లుగా ఏ లెక్కన విడగొట్టాలి అన్నదాని మీద డేవిడ్ పార్నాస్ 1972లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా చిన్నదే. కొన్ని వాక్యాలు తీసుకుని, ఒక్కోదాంట్లో మొదటి పదాన్ని చివరికి తిప్పుతూ పోతే వచ్చే రూపాలన్నిటినీ అక్షర క్రమంలో ముద్రించాలి. దీన్ని ఆయన రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. మొదటిది ఎవరికైనా తట్టేదే: చదివే మాడ్యూల్, తిప్పే మాడ్యూల్, వరసలో పెట్టే మాడ్యూల్, ముద్రించే మాడ్యూల్. పని ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలో ముక్కలు. రెండో పద్ధతిలో ఒక్కో మాడ్యూల్ ఒక్కో నిర్ణయాన్ని తన లోపల దాచుకుంటుంది. వాక్యాలు మెమరీలో ఏ రూపంలో ఉన్నాయో ఒక్క మాడ్యూల్‌కే తెలుసు, మిగతావి దాన్ని అడిగి తీసుకోవాల్సిందే. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇది: నిల్వ చేసే పద్ధతి మార్చాల్సి వస్తే ఎన్ని మాడ్యూళ్లు తెరవాలి? మొదటి పద్ధతిలో అన్నీ తెరవాలి. రెండోదాంట్లో ఒక్కటే. రెండు ప్రోగ్రాములూ సరిగ్గానే నడుస్తాయి. మార్పు వచ్చి తలుపు కొట్టేదాకా తేడా కనిపించదు. మీ గ్రూపుకి ఇంతకు మించిన సిలబస్ అక్కర్లేదు.

ఇప్పుడు దీన్ని పనిలో ఎలా పెట్టాలో చూద్దాం. మా బృందంలో నేను మళ్లీ మళ్లీ వాడే అభ్యాసం ఒకటుంది, కావాలంటే యథాతథంగా తీసుకోండి. గ్రంథాలయానికి పుస్తకం తిరిగి వచ్చినప్పుడు ఆలస్య రుసుము లెక్కకట్టే చిన్న ప్రోగ్రాం అది. కావాలనే చెడగొట్టి రాశాను. ఒకే ఫంక్షన్ ఫైలు తెరుస్తుంది, సభ్యుడి వివరాలు వెతుకుతుంది, ఈరోజు తేదీ కంప్యూటర్ గడియారం నుంచి తెచ్చుకుంటుంది, రుసుము లెక్క కడుతుంది, ఎస్సెమ్మెస్ పంపుతుంది, మళ్లీ ఫైల్లో రాసి మూసేస్తుంది. బ్రహ్మాండంగా నడుస్తుంది. అందరూ దాన్నే కాపీ చేసుకుని మొదలుపెడతారు.

మొదటి వారం మార్పు: విద్యార్థులకు మొదటి ఏడు రోజులూ రుసుము లేదు. రెండో వారం: కొత్త సభ్యులకు ఈమెయిల్ పంపాలి, పాతవాళ్లకు ఎస్సెమ్మెస్సే ఉండాలి. మూడో వారం: ఫైలు తీసేసి డేటాబేస్ పెట్టాలి. నాలుగో వారం మార్పు వినగానే అందరూ తల పట్టుకుంటారు: గ్రంథాలయం మూసి ఉన్న రోజులు లెక్కలోకి రాకూడదు, దానికి టెస్టు (కోడ్ సరిగ్గా నడుస్తోందో పరీక్షించే చిన్న కోడ్) కూడా రాయాలి. మార్పు కంటే టెస్టు దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుపోతారు. ఈరోజు తేదీ ఫంక్షన్ కడుపులోనే పుడుతోంది మరి, మనకు కావాల్సిన తేదీని బయటి నుంచి ఇవ్వడానికి దారి లేదు. రెండు మూడు రోజులు గింజుకున్నాక ఎవరో ఒకరు, తేదీని మనమే బయటి నుంచి అందిస్తే పోలా, అంటారు. ఆ మాట వచ్చిన రోజున డిపెండెన్సీ ఇంజెక్షన్ వాళ్లకి వచ్చేసినట్టే. పేరు చెప్పాల్సింది అప్పుడు.

రాబోయే మార్పులేమిటో ముందే చెప్పేయకండి. చెబితే అందరూ వాటికి సరిపోయేలా కట్టుకుని కూర్చుంటారు, అసలు సరదా పోతుంది. ప్రతి మార్పు తర్వాత ఒక్కొక్కరూ తమ కమిట్‌తో (కోడ్‌లో చేసి భద్రపరిచిన మార్పుతో) పాటు, ఎన్ని ఫైళ్లు తెరవాల్సి వచ్చింది, ఏ పాత టెస్టులు విరిగాయి, ఈ మార్పుతో సంబంధం లేని చోటు ఏదైనా ముట్టుకోవాల్సి వచ్చిందా అన్నది రాయాలి. ఈ చివరిదాని దగ్గర ఆగి మాట్లాడుకోండి. రుసుము నియమం మారితే ఈమెయిల్ పంపే లైను ఎందుకు కదిలింది? ఒక్కోసారి గంటసేపు మాట్లాడుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఒక థ్రెడ్ గురించి చెప్పాలి. ఒకబ్బాయి మొదటి మార్పుకే స్ట్రాటజీ ప్యాటర్న్ (ఒక్కో లెక్క పద్ధతినీ విడి ముక్కగా పెట్టి, కావాల్సినదాన్ని ఎంచుకోవడం) దించేశాడు. రుసుముకో ఇంటర్‌ఫేస్ (ఏం చేయాలో మాత్రమే చెప్పే ఒప్పందం), దాన్ని అమలు చేయడానికి విద్యార్థికో క్లాస్, మామూలు సభ్యుడికో క్లాస్, ఏది వాడాలో తేల్చడానికి ఒక ఫ్యాక్టరీ. ఒకమ్మాయి రుసుము లెక్కని విడి ఫంక్షన్‌గా తీసి, అదే మార్పుని రెండు లైన్ల ఇఫ్ షరతుతో ముగించేసింది. అతని పోస్టుకి లైకులే లైకులు. ఆమె తన పోస్టు కింద, నాది మరీ సింపుల్‌గా ఉంది, సారీ అని పెట్టింది. నేను కలగజేసుకోలేదు. మూడో వారం డేటాబేస్ వచ్చింది. ఆమె రుసుము ఫంక్షన్‌కి అందేవి రెండే: ఎన్ని రోజుల ఆలస్యం, ఎలాంటి సభ్యుడు. ఫైలు ఉందో, డేటాబేస్ ఉందో దానికి పట్టనే లేదు, దాన్ని ముట్టుకునే పనే పడలేదు. అతని స్ట్రాటజీ క్లాసులు రెండూ లోపల తామే ఫైలు తెరిచి సభ్యుడి వివరాలు చదువుకుంటున్నాయి. రెండూ తిరగరాశాడు. తాను ఇఫ్‌ను దాచానే గానీ ఫైలును దాచలేదని అతనే ఆ థ్రెడ్ కింద రాసుకున్నాడు. ప్యాటర్న్ ఉండి కూడా డిజైన్ మాడ్యులర్ కాకపోవచ్చని నేను పాఠం చెబితే వినేవాళ్లు కాదు, ఆ రెండు కమిట్లు చూసి విన్నారు.

అలాగని స్ట్రాటజీ దండగ అని కాదు. తర్వాత రుసుము నియమాలు పెరిగి, ఏ శాఖకు ఏ నియమమో సెట్టింగుల్లోంచి ఎంచుకునేలా ఉండాలన్నప్పుడు ఆమె కోడ్‌లో ఇఫ్ కింద ఇఫ్ చేరిపోయింది. అప్పుడు ఆమే అతని మొదటి పోస్టు వెతుక్కుని చదివింది.

ప్రశ్న: మా గ్రూపులో మంచి చర్చలు జరుగుతాయి, కానీ అంతా చాట్‌లోనే. రెండు నెలల తర్వాత అదే ప్రశ్న మళ్లీ వస్తుంది, మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి. చాట్ మానేసి వేరేదానికి మారాలా?

మానేయక్కర్లేదు. మాట్లాడుకునే చోటు, దాచుకునే చోటు వేరుగా ఉంటే చాలు.

1995 మార్చిలో వార్డ్ కన్నింగ్‌హామ్ ప్రపంచంలోనే మొదటి వికీని తెరిచాడు. వికీపీడియా రావడానికి ఇంకా ఆరేళ్లుంది అప్పటికి. ఆ మొదటి వికీ ఎవరి కోసమనుకుంటున్నారు? సాఫ్ట్‌వేర్ ప్యాటర్నులు రాసుకుని పంచుకునేవాళ్ల కోసమే, పోర్ట్‌ల్యాండ్ ప్యాటర్న్ రిపోజిటరీ అనే ప్యాటర్నుల నిల్వకి తోడుగా. మీ అవస్థలోంచే వికీ పుట్టిందని ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఎవరో ఒకటి రాస్తారు, ఇంకొకరు అదే పేజీ తెరిచి దిద్దుతారు. చాట్‌లో ఇది కుదరదు. అక్కడ దిద్దుబాటు కూడా ఇంకో మెసేజే, అసలుదానికి కిలోమీటరు కింద ఉంటుంది. పైగా డిస్కార్డ్ లాంటి చాట్ యాప్‌లో మాట్లాడుకున్నవి సెర్చ్ ఇంజన్లకు మామూలుగా దొరకవు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజీలు కనిపించవు. మీ గ్రూపు తెలివంతా అలాంటి చోట పెట్టి, జనం మళ్లీ అడుగుతున్నారని విసుక్కోవడం న్యాయం కాదు కదా.

అభ్యాసాల కోడ్ ఎలాగూ గిట్‌హబ్‌లోనో గిట్‌ల్యాబ్‌లోనో ఉంటుంది. దాని పక్కనే ఒక ఫోల్డర్ తెరిచి, తేలిన ప్రతి చర్చకీ ఒక పేజీ పెట్టండి. మైకేల్ నైగార్డ్ 2011లో ఆర్కిటెక్చర్ (ప్రోగ్రాము మొత్తం కట్టుబడి) నిర్ణయాలు రాసిపెట్టుకునే పద్ధతి ఒకటి చెప్పాడు: శీర్షిక, నిర్ణయం ఇంకా చర్చలో ఉందా ఖాయమైందా, పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దాని వల్ల ఏం వస్తుంది. ఒకటి రెండు పేజీల కన్నా పెరగదు. నేర్చుకునే గ్రూపుకి ఇది అచ్చంగా సరిపోతుంది. నేనైతే ‘ఏది వద్దనుకున్నాం, ఎందుకు’ అన్న ముక్క కూడా చేరుస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా వెతికేది దాన్నే.

ఆ పేజీ రాయాల్సింది జవాబు చెప్పినవాళ్లు కాదు, ప్రశ్న అడిగినవాళ్లు. జవాబు చెప్పినవాళ్లు రాస్తే అది పాఠ్యపుస్తకంలా తయారవుతుంది. అడిగినవాళ్లు రాస్తే తమకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడి నుంచి మొదలుపెడతారు. రాసేటప్పుడు ఇంకో సందేహం బయటపడుతుంది కూడా, అది మనకి లాభమే.

ప్రశ్న: అక్కా, నేను చదువు అయిపోయి ఇప్పుడే ఉద్యోగంలో చేరాను. ఒక గ్రూపులో నా కోడ్ పెడితే నలభై కామెంట్లు వచ్చాయి. ఒకాయన సాలిడ్ సూత్రాలు (క్లాసుల డిజైన్‌కి చెప్పే ఐదు నియమాలు) చదువుకుని రమ్మన్నాడు. అప్పటి నుంచి పోస్టు చేయాలంటే టెన్షన్. మేమే కొందరం కొత్త గ్రూపు పెట్టుకుందామనుకుంటున్నాం. ఇలా కాకుండా ఎలా చూసుకోవాలి?

తమ్ముడూ, ముందు ఆ నలభై కామెంట్ల సంగతి. అందులో నువ్వు నిజంగా మార్చుకోగలిగినవి నాలుగైదు ఉండి ఉంటాయి. మిగతావన్నీ రాసినవాళ్లు ఒకరికొకరు వినిపించుకున్నవి.

దీనికి ప్యాటర్నులవాళ్ల దగ్గరే మంచి విరుగుడు ఉంది. 1994లో మొదలైన ప్లాప్ అనే ప్యాటర్న్ సదస్సులో ఒకరు రాసిన ప్యాటర్న్‌ని మిగతావాళ్లు కూర్చుని పరిశీలించే పద్ధతి ఒకటి పెట్టారు. కవులూ కథకులూ తమ రచనలు ఒకరివొకరు చదివి సరిచూసుకునే పద్ధతిని రిచర్డ్ గాబ్రియేల్ అక్కడికి తెచ్చాడు. ఆయన ప్రోగ్రామరే కాదు, కవి కూడా. రాసినవాళ్లు తమ రచనలో ఒక చిన్న భాగం చదివి, ఆ తర్వాత నోరు విప్పకుండా కూర్చుంటారు. మిగతావాళ్లు ముందు తమకేం అర్థమైందో చెబుతారు. తర్వాత బాగున్నవి, ఆ తర్వాతే మెరుగుపరచాల్సినవి. అదంతా అయ్యాక రాసినవాళ్లు సందేహాలు అడగొచ్చు గానీ సమర్థించుకోవడం ఉండదు. అక్కడే ఇంకో అలవాటు ఉంది: రచన సదస్సు దాకా రాకముందే, అనుభవమున్నవాళ్లొకరు దాన్ని దగ్గరుండి కొన్ని విడతలు దిద్దిస్తారు.

మీ గ్రూపులో దీన్ని ఇలా వాడొచ్చు. కోడ్ పెట్టినవాళ్లు రెండు రోజులు జవాబివ్వకూడదు. మొదటి కామెంట్ పెట్టేవాళ్లు ఆ కోడ్ ఏం చేస్తోందో, దేని నుంచి దేన్ని విడదీయాలని చూస్తోందో తమ మాటల్లో రాయాలి. చూడ్డానికి చిన్న నియమమే. కానీ కోడ్ చదవకుండా సలహా ఇచ్చే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఏం చేస్తోందో తప్పుగా రాశారనుకో, అదీ పనికొస్తుంది: పేర్లు సరిగ్గా పెట్టలేదని నీకు తెలుస్తుంది.

ఇక సూత్రాల సంగతి. మా బృందంలో రివ్యూ కామెంట్‌లో సూత్రం పేరు ఎత్తడానికి వీల్లేదు. మార్పు పేరు చెప్పాలి. ‘ఇది సింగిల్ రెస్పాన్సిబిలిటీకి (ఒక ముక్క మారడానికి ఒకే కారణం ఉండాలన్న సూత్రానికి) విరుద్ధం’ అని రాస్తే మోడరేటర్ వెనక్కి పంపిస్తారు. ‘ఈమెయిల్ పంపే సంస్థ మారితే రుసుము లెక్కకట్టే ఈ ఫైలు కూడా తెరవాలి కదా, కావాలనే అలా పెట్టారా?’ అని రాస్తే ఉంచుతారు. రెండూ ఒకే తప్పు పట్టుకున్నాయి. కానీ రెండోదానికి నువ్వు జవాబివ్వగలవు. అవును, నిజమే అనొచ్చు. లేదా, ఆ సంస్థ మారదు, అందుకే వదిలేశాను అనొచ్చు. చాలాసార్లు ఆ రెండో జవాబు సరైనదే అవుతుంది.

ఒకే పోస్టుకి ముగ్గురి రివ్యూ చాలు. నాలుగో మనిషి అప్పటికే చెప్పినదానికి తోడు కలపడం తప్ప చేసేదేమీ ఉండదు.

ప్రశ్న: మేమందరం పైథాన్ వాడతాం. 23 ప్యాటర్నులూ నేర్చుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. లిస్ప్, డైలాన్ లాంటి డైనమిక్ భాషల్లో ఆ 23లో 16 ప్యాటర్నులు సీ ప్లస్ ప్లస్‌లో కన్నా బాగా తేలికైపోతాయనో, కనబడకుండానే పోతాయనో పీటర్ నార్విగ్ 1996లోనే చూపించాడు. పైథాన్‌లో మీరు ఫర్ లూప్ రాసిన ప్రతిసారీ ఇటరేటర్ (వరసలోని వాటిని ఒక్కొక్కటిగా అందించే ప్యాటర్న్) వాడుతూనే ఉన్నారు. ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్‌కి అందిస్తే చాలావరకు స్ట్రాటజీ అయిపోయినట్టే, దానికో క్లాస్ కట్టనవసరం లేదు. అడాప్టర్ (పరాయి రూపాన్ని మనకి కావాల్సిన రూపంలోకి మార్చేది), ఫసాడ్ (లోపలి చిక్కుని దాచి తేలికైన ముఖం చూపేది) లాంటివి మాత్రం ఏ భాషలోనైనా పనికొస్తాయి, ఎందుకంటే పరాయి లైబ్రరీలు ఎప్పుడూ మనకి కావాల్సిన రూపంలో రావు.

ప్రశ్న: మా గ్రూపులో సీనియర్ ఒకరు, మాడ్యులర్ అంటే మైక్రోసర్వీసులే (విడివిడిగా నడుస్తూ నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే చిన్న ప్రోగ్రాములు), మిగతావన్నీ కాలక్షేపం అంటున్నారు. నిజమా?

కాదు. రెండు మాడ్యూళ్ల మధ్య నెట్‌వర్క్ పెడితే అవి విడిపోవు, దూరమవుతాయి అంతే. రెండు సర్వీసులూ ఒకే డేటాబేస్ టేబుల్‌ని పంచుకుంటూ, ఒకదాన్ని మార్చినప్పుడల్లా రెండోదాన్ని కూడా డిప్లాయ్ చేయాల్సి (మళ్లీ ఎక్కించి నడపాల్సి) వస్తే, అదంతా కలిసి ఇంకా ఒకే ముద్ద. కాకపోతే ఇప్పుడు ఫంక్షన్ కాల్ బదులు టైమవుట్లు (జవాబు సమయానికి రాక ఆగిపోవడాలు) వస్తాయి. ఒకే ప్రోగ్రాంలో సరిహద్దులు గీయడం వచ్చాక, ఏ ముక్కని విడిగా నడపాలో తేల్చుకోవచ్చు. ఆ సీనియర్ గారిని గ్రంథాలయం అభ్యాసానికి పిలవండి.

ప్రశ్న: మూడు వందల మంది చేరారు, రాసేవాళ్లు పది మంది లేరు. అనుభవమున్నవాళ్లయితే అసలు పలకరు. ఏం చేస్తే పలుకుతారు?

2006లో యాకోబ్ నీల్సన్ రాసిన లెక్క ఒకటుంది: ఆన్‌లైన్ బృందాల్లో సుమారు నూటికి 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడూ రాస్తారు, ఒక్కరే ఎక్కువగా రాస్తారు. మీ మూడు వందలకీ ఈ లెక్క వేసుకోండి. ఎక్కువగా రాసేవాళ్లు ముగ్గురే తేలతారు, కాబట్టి మీ గ్రూపు మరీ తేడాగా ఏమీ లేదు. ఊరికే చదివేవాళ్లని తిట్టుకోకండి, నేర్చుకోవడం వాళ్ల పని, అది జరుగుతూనే ఉండొచ్చు. చదివి ఊరుకునేవాళ్లకి మాటల కన్నా తేలికైన పని ఇవ్వండి. రెండు కోడ్‌లు పక్కపక్కన పెట్టి, డేటాబేస్ మారితే దేంట్లో తక్కువ ఫైళ్లు కదులుతాయి అని ఓటు అడగండి. ఓటు వేసినవాళ్లలో కొందరు కారణం రాయకుండా ఉండలేరు.

అనుభవమున్నవాళ్ల సంగతి వేరు. గ్రూపులో ‘ఎవరైనా చెప్పగలరా?’ అని అడిగితే వాళ్లు రారు, ఎవరో చెబుతారులే అనుకుంటారు. పేరు పెట్టి, చిన్న పని అడగండి. ‘సార్, ఈ రెండు పుల్ రిక్వెస్టుల్లో (అసలు కోడ్‌లో చేర్చమని పంపిన మార్పుల్లో) మీరైతే ఏది మెర్జ్ చేస్తారు, ఒక్క కారణం చెప్పండి’ అంటే పది నిమిషాల్లో చెప్పేస్తారు. ‘డిజైన్ ప్యాటర్నుల మీద ఒక సెషన్ తీసుకోండి’ అంటే వచ్చే నెల చూద్దాం అంటారు. ఆ నెల రాదు.

వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది: తాము విడగొట్టకుండా వదిలేసిన కోడ్ గురించి. ఇక్కడ ఇంటర్‌ఫేస్ పెట్టొచ్చు, అయినా పెట్టలేదు, ఎందుకంటే అన్న కబుర్లు పుస్తకాల్లో తక్కువ దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లు కనబడిన ప్రతి చోటా ఇంటర్‌ఫేస్ దించుతుంటే ఆపగలిగేవి ఇవే. ఒకే అమలు (దాన్ని నిజంగా చేసే క్లాస్) ఉన్న ఇంటర్‌ఫేస్ కనబడితే, రెండోది ఎప్పుడొస్తుంది అని అడగమని చెప్పండి. టెస్టు కోసం అన్నా ఒప్పుకోవచ్చు. ‘ఎప్పుడో ఒకప్పుడు’ అంటే తీసేయమనండి, అవసరమైన రోజున చేర్చుకోవడం ఇప్పటి ఎడిటర్లలో పెద్ద పనేం కాదు.

ప్రశ్న: ఇప్పుడు సగం జవాబులు ఏఐ నుంచి తెచ్చి అతికిస్తున్నారు. నిషేధించాలా?

2022 డిసెంబరులో చాట్‌జీపీటీ జవాబులను ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. చూడ్డానికి సరైనట్టే ఉండి తప్పులుండే జవాబులు కుప్పలుగా వచ్చిపడుతుంటే సరిచూసే చేతులు చాలవు, వాళ్ల గోడు అది. మీ గ్రూపు చిన్నది. ఎవరు దేన్నడిగి రాశారో కనిపెట్టే పోలీసు పని పెట్టుకోకండి.

నేను పెట్టే షరతు ఒకటే. కోడ్ ఎక్కడి నుంచైనా తెచ్చుకోండి. దాని పైన మాత్రం, ఏ మార్పు వస్తే ఇది తట్టుకుంటుంది, ఏ మార్పు వస్తే తట్టుకోదు అన్నది మీ మాటల్లో రాయండి. తర్వాతి సోమవారం మార్పు వస్తుంది, అప్పుడు తేలుతుంది. ఏఐని ఒక ప్యాటర్న్ అడిగితే అడిగినదానికన్నా రెండు క్లాసులు ఎక్కువే ఇస్తుంది, నేను చూసినంతలో. వాటిలో ఏది తీసేస్తే ఏం పోతుందో కనుక్కోవడం మంచి అభ్యాసం. మేం కావాలనే అలాంటి కోడ్ తెప్పించి, టెస్టులు విరగకుండా ఎన్ని క్లాసులు తీసేయగలరో పందెం వేస్తాం. ఎప్పుడూ నోరు మెదపనివాళ్లు కూడా ఆ రోజు దిగుతారు.

ప్రశ్న: గ్రూపు పెరిగింది. జావాకి ఒక ఛానెల్, గో భాషకి ఒకటి, ఫ్రంటెండ్‌కి, టెస్టింగ్‌కి ఇలా పద్నాలుగు ఛానెళ్లు తెరిచాం. ఇప్పుడు అన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇంకో సంగతి, పనంతా నా మీదే పడుతోంది. కొన్నాళ్లు తప్పుకోవాలనుంది.

1968లో మెల్విన్ కాన్వే, ఏ సంస్థ అయినా తనలో మాటలు ఎటు నుంచి ఎటు నడుస్తాయో అలాంటి వ్యవస్థలనే తయారు చేస్తుందని రాశాడు. భాషను బట్టి ఛానెళ్లు విడగొడితే భాషల గురించే మాట్లాడుకుంటారు. గో రాసేవాళ్లు జావా కోడ్ చూసి, ఇంత ఎందుకు రాశారు అని అడిగే అవకాశమే పోతుంది. మాడ్యులర్ డిజైన్ గ్రూపులో ఆ ప్రశ్నకున్న విలువ ఇంకేదానికీ లేదు. పద్నాలుగూ మూసేసి మూడు ఉంచండి: ఈ వారం మార్పు, రివ్యూ కావాలి, మిగతావన్నీ. ‘మిగతావన్నీ’లో ఒకే రకం మాటలు రోజూ వచ్చి మిగతావాళ్లకి అడ్డమవుతున్నప్పుడే నాలుగోది తెరవండి.

ఇక మీరు తప్పుకోవడం. ఒకేసారి కాకుండా పనులవారీగా వదలండి. ముందు మార్పు రాసే పని ఇచ్చేయండి, అది అందరికీ ఇష్టమైనది, ఎవరైనా తీసుకుంటారు. పూర్తయిన అభ్యాసాన్ని కొత్త బ్యాచ్‌తో మళ్లీ నడపడం పాతవాళ్లలో ఇద్దరికి అప్పగించండి, ఒకరికి కాదు. గొడవలు తీర్చే పని చివర్లో వదలండి, అది ఎవరూ అడిగి తీసుకోరు. నియమాలు రాసి లేకపోతే కంట్రిబ్యూటర్ కవనెంట్ అనే సిద్ధమైన ప్రవర్తనా నియమావళి ఉంది, 2014 నుంచి ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడుతున్నాయి, దాన్ని మీ అవసరానికి కుదించి పెట్టుకోండి. కోడ్ దాచుకున్న రిపోజిటరీ అడ్మిన్ హక్కులు ఇంకో ఇద్దరికి ఇవ్వండి. చాట్ సర్వర్ ఓనర్‌షిప్ మీ సొంత అకౌంట్ మీదే ఉండిపోయిందేమో చూసి మార్చండి. గ్రూపుకి డొమైన్ ఉంటే రెన్యువల్ మెయిలు ఎవరికి వస్తోందో ఈ వారమే చూసుకోండి.